జీవస్పందనకు లిపి కూర్చిన మారే

రోగి మణికట్టుపై మూడు వేళ్ళుంచి నాడిని పరీక్షించడం మన దేశపు వైద్యులకు తరతరాలుగా తెలిసిన విద్య. నాడి పామువలె వంకరగా సాగితే వాతమనీ, కప్పవలె గెంతితే పిత్తమనీ, హంసవలె మందంగా కదిలితే కఫమనీ వారు నిర్ణయించేవారు. గ్రీసు, చైనా, అరబ్బు దేశాల వైద్యులు కూడా తమ తమ పద్ధతులలో నాడిని ఆశ్రయించినవారే. అయితే ఈ విద్యకంతటికీ ఒక పరిమితి ఉండేది. వైద్యుని వేలికొసకు తెలిసినది ఆ వేలికొస దగ్గరే ఆగిపోయేది. పక్కనున్న మరొక వైద్యునికి దానిని చూపడానికి వీలులేదు. నిన్నటి నాడికీ నేటి నాడికీ గల భేదాన్ని జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పవలసిందే తప్ప, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చే సాధనం లేదు.

పందొమ్మిదవ శతాబ్దంలో ఫ్రాన్సు దేశానికి చెందిన ఒక యువ వైద్యుడు ఈ లోటును తీర్చడానికి పూనుకున్నాడు. నాడి చరిత్రను నాడి చేతనే రాయించాడు. అటుపిమ్మట, శరీరాన్ని తాకే పరికరం ఎంత సున్నితమైనదైనా ఆ శరీరపు కదలికను ఎంతో కొంత మార్చక మానదని గ్రహించి, తాకకుండానే కొలిచే మార్గాన్ని కెమెరాలో వెదికాడు. ఆయనే ఎతియెన్ జూల్ మారే.

మారే 1830 మార్చి 5వ తేదీన బర్గండీ ప్రాంతంలోని బోన్ పట్టణంలో జన్మించాడు. ఆ పట్టణం ద్రాక్షసారాకు ప్రసిద్ధి. తండ్రి ఆ వ్యాపారంలోనే ఉద్యోగి. చిన్ననాటి నుండి మారేకు యంత్రాలంటే మక్కువ. ఇంజనీరు కావాలని కోరిక. తండ్రి మాత్రం కొడుకు వైద్యుడు కావాలని పట్టుబట్టాడు. తండ్రి మాటను కాదనలేక మారే 1849లో పారిస్ చేరి వైద్యవిద్యను అభ్యసించాడు. కానీ మనసులోని ఇంజనీరు ఎక్కడికీ పోలేదు. తోటివారు మానవ శరీరంలో రోగాన్ని చూస్తుంటే, మారే అదే శరీరంలో గొట్టాలను, కవాటాలను, పంపును, ఒత్తిడిని చూశాడు. 1859లో ఆయన సమర్పించిన సిద్ధాంతవ్యాసం రక్తప్రసరణకు సంబంధించినదే. చికిత్సావృత్తిలో ఆయన రాణించలేదు. వైద్యశాస్త్రానికి అది నష్టం కాలేదు.

నాడిని కాగితంపై గీయించాలన్న ఊహ మారేకు ముందే పుట్టింది. జర్మనీలో కార్ల్ లుడ్విగ్ 1847లో తిరిగే స్తంభంపై రక్తపీడనాన్ని గీతగా నమోదు చేశాడు. అయితే అందుకు ధమనిని కోసి గొట్టాన్ని దూర్చవలసి వచ్చేది. కనుక ఆ పద్ధతి జంతువులకే పరిమితమైంది. ఆ తరువాత కార్ల్ ఫోన్ ఫీరోర్ట్ అనే మరొక జర్మన్ శాస్త్రజ్ఞుడు చర్మాన్ని కోయకుండా మణికట్టుపై నుండే నాడిని నమోదు చేసే యంత్రాన్ని నిర్మించాడు. దాని మీటలు, బరువులు భారీగా ఉండేవి. ఒకసారి పైకి లేచిన మీట తన బరువుతో తానే ఊగి దిగేది. అందుచేత కాగితంపై పడిన గీతలో నాడి వేగం తెలిసేది గాని, నాడి రూపం తెలిసేది కాదు. నాడి చెప్పే మాటను యంత్రపు సొంత ఊపు మింగివేసేది.

మారే చేసిన పని, పైకి చూస్తే చాలా చిన్నది. ఆయన బరువును తొలగించాడు. మణికట్టు వద్ద ధమనిపై చిన్న దంతపు బిళ్ళను సన్నని స్ప్రింగుతో అదిమిపెట్టి, ఆ బిళ్ళ కదలికను బహు తేలికైన పొడవాటి మీటకు అందించాడు. మీట కొనకు ముల్లు అమర్చాడు. దాని ముందు మసి పట్టించిన పలకను గడియారపు యంత్రం సమవేగంతో జరిపేది. ధమని ఉబ్బినప్పుడల్లా ముల్లు లేచి మసిలో తెల్లని గీతను గీసేది. 1860 నాటికి సిద్ధమైన ఈ పరికరమే స్ఫిగ్మోగ్రాఫ్, అనగా నాడీలేఖిని. గడియారాల తయారీకి పేరుపొందిన బ్రెగే సంస్థ దీనిని తయారు చేసి అమ్మింది. ముంజేతికి కట్టుకొని ఎక్కడికైనా తీసుకుపోగలిగినంత చిన్నది కావడంతో అది ఆసుపత్రులకు సులువుగా చేరింది.

ఆ గీతలో వేలికి అందనిది ఎంతో కనిపించింది. ప్రతి స్పందన నిట్టనిలువుగా లేచి, మెల్లగా దిగుతూ, దిగే దారిలో ఒక చిన్న మడతను చూపి, మరల కిందికి జారేది. వయసు మళ్ళి ధమనులు గట్టిపడినవారి గీతకు ఒక ఆకారం ఉండేది. బృహద్ధమని కవాటం సరిగా మూసుకోని రోగి గీతకు మరొక ఆకారం ఉండేది. ధమనులలో రక్తపీడనం తగ్గినప్పుడు గుండె వేగం హెచ్చుతుందని మారే నిరూపించిన సూత్రం శరీరధర్మశాస్త్రంలో ఆయన పేరుతోనే నిలిచింది. అయితే వైద్యులందరూ ఈ పరికరాన్ని ఆదరించలేదు. ఏళ్ళ తరబడి సాధనతో వేళ్ళకు అబ్బిన నేర్పును ఒక ఇనుప ముల్లు అధిగమించడం చాలామందికి రుచించలేదు. వారి అభ్యంతరంలో కొంత సబబు కూడా లేకపోలేదు. స్ప్రింగు బిగువు కొంచెం మారితే గీత ఆకారం మారేది. బిళ్ళ ధమనిపై సరిగా కూర్చోకపోతే ఆరోగ్యవంతుని నాడి కూడా రోగి నాడివలె కనిపించేది. తాకి కొలిచే పరికరానికి తప్పని ఈ చిక్కు మారేను జీవితాంతం వెంటాడింది.

మణికట్టు నుండి ఆయన దృష్టి గుండెకు మళ్ళింది. గుండె కొన రొమ్ముగోడను తట్టే దెబ్బను ఎవరైనా చేతితో తెలుసుకోగలరు. కాని ఆ దెబ్బ జఠరిక ముడుచుకున్నప్పుడు కలుగుతుందా, రక్తంతో నిండినప్పుడు కలుగుతుందా అన్న విషయంపై ఆనాటి పండితులు రెండు పక్షాలై వాదించుకునేవారు. గుండె కొట్టుకునే వేగం ముందు కన్నూ చెవీ చాలవు. మారే లియోన్ నగరంలోని పశువైద్య పండితుడు ఒగ్యుస్త్ షోవోతో చేతులు కలిపాడు. వారిద్దరూ 1861 ప్రాంతంలో గుర్రం మెడసిర గుండా సన్నని గొట్టాలను కుడి కర్ణికలోనికి, కుడి జఠరికలోనికి పంపారు. గొట్టాల కొనల వద్ద చిన్న రబ్బరు బుడ్డీలు ఉండేవి. గుండె వాటిని నొక్కినప్పుడు లోపలి గాలి ఒత్తిడి గొట్టాల వెంట బయటికి వచ్చి మీటలను కదిపేది. కర్ణిక, జఠరిక, రొమ్ముగోడ దెబ్బ ఈ మూడింటి గీతలు ఒకే కాగితంపై ఒకదాని కింద ఒకటి పడ్డాయి. జఠరిక ముడుచుకునే క్షణమూ దెబ్బ తగిలే క్షణమూ ఒక్కటేనని వాదనకు తావులేకుండా తేలిపోయింది. మనిషి గుండెలోనికి గొట్టాన్ని పంపే సాహసం 1929లో గాని జరగలేదు. ఆ ఏడాది జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ వైద్యుడు తన శరీరంపైనే ఆ ప్రయోగం చేసుకున్నాడు.

1864లో మారే పారిస్‌లోని ఒక పాత నాటకశాల భవనపు పై అంతస్తులో సొంత ప్రయోగశాలను ఏర్పాటు చేసుకున్నాడు. 1869లో కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆచార్యుడైనాడు. నాడి, గుండె, శ్వాస, కండరం దాటి ఆయన జిజ్ఞాస నడకకు, పరుగుకు, ఎగురుటకు విస్తరించింది. గాలి అరలున్న పాదరక్షలను మనిషికి తొడిగి, అడుగు పడిన క్షణాన్ని రబ్బరు గొట్టం ద్వారా చేతిలోని పరికరానికి అందించాడు. గుర్రపు గిట్టలకూ అటువంటి సాధనాలే అమర్చి, రౌతు చేతికి నమోదు యంత్రమిచ్చి పరుగెత్తించాడు. దౌడులో ఒక దశలో గుర్రపు నాలుగు కాళ్ళూ నేలను విడుస్తాయని ఆ గీతలు తెలిపాయి. పావురానికి గొట్టాలు, తీగలు కట్టి దాని రెక్కల ఊపును కొలిచాడు. ఈ పరిశోధనలన్నింటినీ 1873లో వెలువడిన జంతుయంత్రం అనే అర్థం గల గ్రంథంలో వివరించాడు.

అయితే తీగలు మోసుకొని ఎగిరే పావురం, నిజానికి స్వేచ్ఛగా ఎగిరే పావురం కాదు. కొలిచే సాధనమే కొలవవలసిన దానికి భారమైంది. మణికట్టుపై స్ప్రింగు ఒత్తిడితో మొదలైన చిక్కే ఇక్కడ రెక్కలపై బరువుగా తిరిగి ఎదురైంది. ఈ చిక్కును విప్పే తాళపుచెవి మారే చేతిలో అప్పటికే ఒకసారి పడింది. 1876లో ఆయన గాబ్రియెల్ లిప్‌మన్ నిర్మించిన కేశనాళికా విద్యున్మాపకాన్ని ఉపయోగించి కప్ప, తాబేలు గుండెలలోని విద్యుత్ మార్పులను నమోదు చేశాడు. సన్నని గాజు గొట్టంలోని పాదరసం గుండె విద్యుత్తుకు అనుగుణంగా లేచి దిగుతుండగా, దాని నీడను ఛాయాచిత్ర ఫలకం పట్టుకుంది. ముల్లు లేదు, మీట లేదు. వెలుగే కలమైంది. బరువులేని కలం అదొక్కటే.

1878 డిసెంబరులో ఒక పారిస్ విజ్ఞాన పత్రికలో అమెరికా నుండి వచ్చిన కొన్ని ఛాయాచిత్రాలు అచ్చయ్యాయి. కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుసగా నిలిపిన కెమెరాలతో పరుగెత్తే గుర్రాన్ని చిత్రించాడు. రబ్బరు గొట్టాలతో మారే ఏనాడో చెప్పిన మాటనే ఆ చిత్రాలు కంటికి చూపాయి. మారే అసూయపడలేదు. వెంటనే పత్రికా సంపాదకునికి లేఖ రాసి, పక్షులను కూడా ఆ విధంగా చిత్రించగలరేమో కనుక్కోవలసిందిగా కోరాడు. 1881లో మైబ్రిడ్జ్ పారిస్ వచ్చినప్పుడు ఆయనను తన ఇంటికి ఆహ్వానించి, పండితులకు పరిచయం చేశాడు. కాని మైబ్రిడ్జ్ తెచ్చిన పక్షుల చిత్రాలు ఆయనకు తృప్తినివ్వలేదు. ఒక్కొక్క చిత్రాన్ని ఒక్కొక్క కెమెరా తీయడం వలన చూపు కోణం మారేది. చిత్రానికీ చిత్రానికీ నడుమ కాలం కచ్చితంగా తెలిసేది కాదు. చూడముచ్చటైన బొమ్మ ఒకటి, కొలవదగిన బొమ్మ మరొకటి. మారేకు కావలసినది రెండవది.

1882లో ఇటలీలోని నేపుల్స్ నగరంలో శీతకాలం గడుపుతూ ఆయన ఛాయాచిత్ర తుపాకిని తయారు చేశాడు. ఖగోళ శాస్త్రజ్ఞుడు జూల్ జాన్సెన్ 1874లో సూర్యబింబంపై శుక్రగ్రహ సంచారాన్ని చిత్రించడానికి వాడిన పరికరం ఇందుకు ఆదర్శం. మారే తుపాకి గొట్టంలో కటకం ఉండేది. వెనుక తిరిగే ఫలకంపై సెకనుకు పన్నెండు చిత్రాలు పడేవి. ఒక్కొక్క చిత్రానికి వెలుగు సోకే కాలం సెకనులో 720వ వంతు. సముద్రతీరంలో పక్షుల వైపు తుపాకి గురిపెట్టి, ఒక్కదానినీ కొట్టకుండా ఇంటికి పోయే ఈ ఫ్రెంచి పెద్దమనిషిని స్థానికులు పిచ్చివాడనుకున్నారని కథగా చెబుతారు.

ఆ ఏడాదే ఫ్రెంచి ప్రభుత్వం, పారిస్ నగరపాలక సంస్థ అందించిన సాయంతో బువా ద బులోన్ వనం సమీపంలో ఆయన శరీరధర్మ పరిశోధనాకేంద్రం ఏర్పడింది. 1870 నాటి యుద్ధంలో ప్రష్యా చేతిలో ఓడిన ఫ్రాన్సు, తన సైనికుల నడకను, దారుఢ్యాన్ని మెరుగుపరచుకోవాలని తహతహలాడుతున్న కాలమది. మారే అక్కడ లోతైన నల్లని కొట్టం కట్టించాడు. దాని ముందు తెల్లని దుస్తులు ధరించిన మనిషి నడిచేవాడు. ఒకే ఫలకంపై, రంధ్రాలున్న తిరుగుడు బిళ్ళ గుండా, సమాన కాలవ్యవధులలో అనేక చిత్రాలు పడేవి. చిత్రాలు ఒకదానిపై ఒకటి పడి కలగాపులగమైనప్పుడు మారే ఒక విచిత్రమైన ఉపాయం పన్నాడు. మనిషికి తల నుండి పాదాల దాకా నల్లని దుస్తులు తొడిగి, చేతుల వెంట, కాళ్ళ వెంట తెల్లని పట్టీలు, కీళ్ళ వద్ద తెల్లని చుక్కలు కుట్టించాడు. ఫలకంపై మనిషి మాయమై, అతని కదలిక మాత్రమే తెల్లని గీతల వరుసగా మిగిలింది. నాడీలేఖిని మసిపై గీసిన తెల్లని గీతకు ఇది తోబుట్టువు. అనవసరమైనదానిని చీకటిలో దాచి, కావలసినదానిని మాత్రమే వెలుగులో ఉంచడం ఆయన పద్ధతికి ఆయువుపట్టు.

1888లో మారే గాజు ఫలకాన్ని విడిచి, కాగితపు ఫిల్ము చుట్టపై సెకనుకు ఇరవై చిత్రాలు తీసి శాస్త్ర అకాడమీకి సమర్పించాడు. తరువాత సెల్యులాయిడ్ వచ్చింది. 1889లో పారిస్ ప్రదర్శనకు వచ్చిన ఎడిసన్ ఈ పరిశోధనలను స్వయంగా చూశాడు. 1895లో లూమియేర్ సోదరులు చలనచిత్రాన్ని ప్రజల ముందుంచారు. అంత సమీపానికి వచ్చిన కీర్తిని, ధనాన్ని మారే ఎందుకు అందుకోలేదన్న ప్రశ్న సహజం. కంటికి మామూలుగా కనిపించేదానిని మరల తెరపై చూపడంలో ఆయనకు శాస్త్రప్రయోజనం కనిపించలేదు. కంటికి కనిపించనిదే ఆయనకు కావాలి. ఈ విషయంలోనే చిరకాలం తనకు కుడిభుజంగా ఉన్న సహాయకుడు జార్జ్ దెమెనీతో భేదం వచ్చింది. దెమెనీ ఈ కళను వ్యాపారంగా మార్చాలనుకున్నాడు. 1894లో ఇద్దరూ విడిపోయారు. దెమెనీ పక్షాన కూడా న్యాయం లేకపోలేదు. ఆ చిత్రాలలో పెక్కింటి వెనుక అతని శ్రమ ఉంది. కానీ కేంద్రం మారే పేరుతో ప్రసిద్ధమైంది.

అదే సంవత్సరం తలకిందులుగా జారవిడిచిన పిల్లి కాళ్ళపైనే ఎలా వాలుతుందో చూపే చిత్రమాలికను మారే అకాడమీ ముందుంచాడు. విడిచే చేతిని తన్ని తిరుగుతుందని కొందరు పండితుల నమ్మకం. పిల్లి ఏ ఆధారమూ లేకుండా ముందు సగాన్ని, తరువాత వెనుక సగాన్ని తిప్పుకుంటుందని చిత్రాలు తేల్చాయి. శరీరం నుండి వేరుచేసిన తాబేలు గుండె రక్తాన్ని పీల్చి వదలడాన్ని కూడా ఆయన కెమెరా వరుస చిత్రాలుగా బంధించింది. ముప్పయి ఏళ్ళ క్రితం గుర్రం గుండెలోనికి గొట్టం పంపి తెలుసుకున్నదానిని, ఇప్పుడు గుండెపై ఏ మీటనూ ఆన్చకుండా చూడగలిగాడు.

1895లో శాస్త్ర అకాడమీ అధ్యక్ష పదవి ఆయనను వరించింది. చివరి సంవత్సరాలలో వివిధ దేశాల ప్రయోగశాలల పరికరాలు ఒకే ప్రమాణాన్ని పాటించాలని శ్రమించి, అందుకోసం ఒక సంస్థను నెలకొల్పాడు. ఒకే నాడికి రెండు పరికరాలు రెండు గీతలు గీస్తే అందులో ఏది నాడి అన్న పాత ప్రశ్నే ఈ శ్రమకు మూలం. అనారోగ్యంతోనే పొగపాయల సాయంతో గాలి ప్రవాహాన్ని చిత్రించాడు. 1904 మే 15న పారిస్‌లో కన్నుమూశాడు.

మారే చేయలేకపోయిన ఒక పని ఇరవయ్యొకటవ శతాబ్దంలో నెరవేరింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ముఖచర్మంలోని సన్నని రక్తనాళాలలో రక్తం అణుమాత్రం హెచ్చి తగ్గుతుంది. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆకుపచ్చని వెలుగును ఎక్కువగా పీల్చుకుంటుంది. కనుక ముఖం నుండి కెమెరాకు చేరే ఆకుపచ్చని వెలుగు ప్రతి స్పందనకూ కొద్దిగా మారుతుంది. మన కన్ను దానిని పట్టలేదు. చర్మం గుండా వెలుగును పంపి రక్తపు హెచ్చుతగ్గులను కొలిచే పద్ధతిని అమెరికా శాస్త్రజ్ఞుడు ఆల్రిక్ హెర్ట్జ్‌మన్ 1930లలోనే అభివృద్ధి చేశాడు. కాని అందులో పరికరం చర్మానికి ఆనుకొని ఉండవలసిందే. 2008లో కాలిఫోర్నియాకు చెందిన పరిశోధకులు మామూలు డిజిటల్ కెమెరాను మీటరుకు పైగా దూరంలో ఉంచి, గదిలోని సహజమైన వెలుతురులోనే ముఖం నుండి నాడిని, శ్వాసను లెక్కించగలిగారు. 2012లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ శాస్త్రజ్ఞులు ఆ స్వల్పమైన రంగు మార్పును గణితసహాయంతో అనేక రెట్లు పెంచి, ప్రతి స్పందనకూ ముఖం ఎర్రబడి పాలిపోవడాన్ని తెరపై చూపారు.

నిమిషానికి 70 సార్లు కొట్టుకునే నాడికి, సెకనుకు పన్నెండు చిత్రాలు తీసే 1882 నాటి తుపాకి ఒక్కొక్క స్పందనలో పది చిత్రాలు తీయగలదు. వేగానికి లోటు లేదు. ఆనాటి ఫలకాలు రంగుల భేదాన్ని గుర్తించలేకపోవడం, అంత సూక్ష్మమైన మార్పును లెక్కగట్టే యంత్రం లేకపోవడమే అడ్డంకులు.

కాలిన చర్మంపై, నెలలు నిండని శిశువుల లేత చర్మంపై పరికరాలను అంటించడం కష్టం. తాకని కెమెరా అక్కడ ఎంతో అక్కరకు వస్తుంది. అయితే మారేను వేధించిన చిక్కు రూపం మార్చుకొని ఇక్కడా ఉంది. మనిషి తల తిప్పినా, మాట్లాడినా, గదిలో దీపం మిణుకుమన్నా గీత చెదురుతుంది. చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ వెలుగును పీల్చుకోవడం వలన నల్లనివారి ముఖం నుండి వచ్చే సంకేతం బలహీనంగా ఉంటుంది. వేలికి తగిలించే ఆక్సిజన్ మాపకాలలోనే ఇటువంటి లోపం ఉన్నదని 2020లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం వెల్లడించింది. రక్తంలో ఆక్సిజన్ తగ్గిన సంగతిని ఆ పరికరాలు గుర్తించకుండా వదలివేయడం శ్వేతజాతి రోగులలో కంటె నల్లజాతి రోగులలో దాదాపు మూడు రెట్లు అధికంగా ఉన్నదని అందులో తేలింది. మారే తన కొట్టం ముందు మనిషిని నిలిపి, వెలుగుకు అనుకూలమైన దుస్తులు తొడిగించగలిగాడు. ముఖం నుండి నాడిని చదివే కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. ఎదురుగా ఉన్న మనిషి ఏ రంగులో ఉంటే ఆ రంగులోనే అతని గుండె చప్పుడును వెదకవలసి ఉంటుంది.